తెరచాప శిక్షణలో గాలి దిశను గమనించాలి

సంపాదకులకు,

తీరంలో పిల్లలకు తెరచాప పడవలు నేర్పే శిబిరాల్లో గాలి వేగాన్ని చూసినంత శ్రద్ధగా దాని దిశను చూడకపోవడం ఆందోళనకరం. నేల మీది నుంచి సముద్రంలోకి గాలి వీచేటప్పుడు ఒడ్డు దగ్గర నీరు నిశ్చలంగా కనిపించినా, ఆ గాలే పడవను లోపలికి నెట్టుకుపోతుంది. తిరిగి రావాలంటే ఎదురుగాలికి ఏటవాలుగా, మలుపులు తిప్పుకుంటూ రావాలి, అది కొత్తవారికి చేతకాదు. అలాంటి రోజున వెంట మోటారు పడవ లేనిదే ఎవరినీ నీటిలోకి పంపకూడదు. ఉరుము వినబడగానే అందరినీ ఒడ్డుకు చేర్చి, చివరి ఉరుము తరువాత కనీసం 30 నిమిషాలు ఆగాలి. లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగినప్పుడు అది గడ్డం దాటి వస్తే, ఆ బిడ్డకు సరిపోనట్టే. నిర్వాహకులు ఈ పరీక్షను ప్రతిరోజూ, ప్రతి బిడ్డకూ చేయాలని కోరుతున్నాను.

– ఒక తెరచాప శిక్షకుడు