బొమ్మ వేశారు, గీసినవారి పేరేది?

సంపాదకులకు,

రెండు వారాల కిందట మీ ఆదివారం పిల్లల పేజీలో పిల్లికూనను ఎత్తుకున్న పాప బొమ్మ వేశారు. కింద ‘19వ శతాబ్దపు డెన్మార్క్ చిత్రం. సౌజన్యం: ఇంటర్నెట్’ అని రాసి ఊరుకున్నారు. ఆ బొమ్మ గీసింది ఇంటర్నెట్ కాదు, ఒక మనిషి. ఆ తర్వాతి వారమైనా పేరు వేస్తారేమోనని చూశాను. వేయలేదు.

పైగా బొమ్మను అడ్డంగా కత్తిరించారు. పాప రెండు చేతులూ పిల్లి చంకల కింద పెట్టి ఎత్తుకుంది. దాని వెనక కాళ్లు వేలాడాల్సిన చోట కోచింగ్ సెంటర్ ప్రకటన ఉంది. చిత్రకారులు ఎక్కువగా సంతకం పెట్టేది కింది మూలలోనే. అదీ ఆ కోతలోనే పోయి ఉంటుంది.

ఇలాంటి బొమ్మల వెనక పెద్ద కథే ఉంది. కళా చరిత్రకారుడు ఎన్.ఎల్. హోయెన్ 1844లో ఒక ఉపన్యాసమిచ్చి, మన ఊళ్లనూ మన రైతులనూ చూసి గీయండని డెన్మార్క్ చిత్రకారులను కోరాడు. యూలియస్ ఎక్స్‌నర్ కోపెన్‌హాగెన్ పక్కనే ఉన్న ఆమగర్ దీవికి వెళ్లి అక్కడి రైతుల ఇళ్లనూ బట్టలనూ గీశాడు. ఫ్రెడరిక్ వెర్మేరెన్ 1855లో, మేజోడు అల్లుతూ నిలబడ్డ గొర్రెల కాపరిని గీశాడు. ఆవులనూ దూడలనూ అంత ప్రేమగా గీసిన లుండ్‌బ్యూ 1848 యుద్ధానికి వెళ్లి, పొరపాటున పేలిన తుపాకీ గుండు తగిలి 29 ఏళ్లకే చనిపోయాడు. మీరు వేసిన బొమ్మ వీళ్లలో ఒకరిదా, మరొకరిదా? పాప టోపీ ఏ ప్రాంతానిది? పేరు, ఏడాది ఉంటే పిల్లలు వెతుక్కుని తెలుసుకునేవారు.

పేరు దొరకలేదంటారేమో. కోపెన్‌హాగెన్ జాతీయ చిత్రశాల కాపీరైట్ తీరిన చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. చిత్రకారుడి పేరు, ఏడాది, కొలతలు పక్కనే ఉంటాయి. అసలు మన దగ్గర బొమ్మంటేనే చులకన. నేను రిటైరయ్యాక మా బడిలో డ్రాయింగ్ మాస్టారి పోస్టు భర్తీ చేయనేలేదు. ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చేశారు. అధికారులకు ఎన్ని అర్జీలు పెట్టినా ‘చూస్తాం’ అనడమే తప్ప పని జరగలేదు. పిల్లలకు మిగిలింది మీ ఆదివారం పేజీ ఒక్కటే. అందులోనూ ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

వచ్చే ఆదివారం ఆ బొమ్మను కత్తిరించకుండా, చిత్రకారుడి పేరుతో, ఏ మ్యూజియంలో ఉందో రాసి మళ్లీ వేయండి. ప్రకటనను ఇంకో పేజీకి మార్చుకోవచ్చు.

– విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, తెనాలి