రాత్రి భోజనం తర్వాత పావుగంట

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివాను. ఫాస్టింగ్ షుగర్ 112 అనేసరికి హడలిపోయి, తెల్లారి ఐదింటికి లేవడం, జిమ్ము, యోగా, రాగి జావ, అన్నం బంద్ అని చాంతాడంత జాబితా రాశావు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే నెల తిరక్కుండానే అటకెక్కుతాయిరా. ముందు ఒక్కటి పట్టుకో: రాత్రి తిన్నాక పావుగంట నడక.

అదే ఎందుకంటావా? తిన్న గంట, గంటన్నర ప్రాంతంలో రక్తంలో చక్కెర బాగా పైకి వెళ్తుంది. ఆ వేళకి కాళ్లు కదులుతుంటే కండరాలు ఇన్సులిన్ కోసం కాచుక్కూర్చోకుండానే కొంత గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. అందుకని చెయ్యి కడుక్కున్న అరగంటలోపే బయల్దేరాలి. మాట్లాడుకుంటూ నడిచే వేగం చాలు. కడుపు నిండా తిని గబగబా నడిస్తే డొక్కలో పోటు వస్తుంది, పుల్లటి తేన్పులు కూడా.

ఇది తప్పేది ఎక్కడో తెలుసా? సోఫా దగ్గర. "వార్తలు చూసి వెళ్దాం" అన్నావో, ఆ పూటకి అయిపోయినట్టే. చెప్పులు గుమ్మం బయట కాదు, సింకు పక్కనే పెట్టుకో. కంచం తొలిచి అక్కడే వేసుకో. చెల్లెమ్మ చెప్పులు లోపలేంటని కేకలేస్తే నా పేరు చెప్పు. వానొస్తే వరండాలోనో హాల్లోనో అటూ ఇటూ తిరుగు, కానీ అదే వేళకి. ఎప్పుడూ చేసే పనికి కొత్తదాన్ని తగిలిస్తేనే గుర్తుంచుకునే బాధ తప్పుతుంది.

21 రోజుల్లో అలవాటైపోతుందనే మాట నమ్మకు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. నీకు పనికొచ్చేది అందులోనే ఇంకోటుంది: ఒక రోజు తప్పితే పెద్దగా నష్టమేమీ కనపడలేదు. కాబట్టి పెళ్లి భోజనాల రోజు మానేశానని మొత్తం వదిలెయ్యకు.

ఇది కుదురుకున్నాకే కంచం సంగతి. అన్నం మానక్కర్లేదు, ఒక గరిటె తగ్గించి కూర రెట్టింపు చెయ్యి. కూరంటే బెండకాయో బీరకాయో, ఆలుగడ్డ వేపుడు లెక్కలోకి రాదు! ముందు కాస్త ఉత్త కూర తిని తర్వాత అన్నం కలుపుకో. ఉప్పు, మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు చెప్పేది రోజుకి 5 గ్రాములకు మించొద్దని, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం అన్నీ అందులోకే వస్తాయి. పెరుగన్నంలో వేసుకునే ఉప్పు ముందు మానెయ్, సులువుగా పోయేది అదే.

హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష సంగతి రాయలేదేం? చేయించు. అది సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది, 5.7 నుంచి 6.4 శాతం మధ్య వస్తే షుగర్ జబ్బు హద్దు మీద ఉన్నట్టు. ప్రతి వారం చేయిస్తే డబ్బు దండగ, మూడు నెలలు నడిచాక మళ్లీ చూసుకో. డాక్టరు షుగర్ మాత్రలేమైనా రాస్తే నడక సంగతి ఆయనకి చెప్పు, కొన్ని మాత్రలతో షుగర్ మరీ పడిపోవచ్చు.

రిపోర్టు రాగానే అంకె రాయి.

నీ
మూర్తి