పది పాస్ కానివాళ్లకు పని దారి మూసేస్తున్నది చట్టం కాదు, ఫారాలు

తెలంగాణ కార్మిక, ఉపాధి శిక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

జాబ్ మేళా బోర్డు మీద ‘కనీస అర్హత పదో తరగతి’ అని కనబడగానే పది తప్పినవాళ్లు గేటు దగ్గరి నుంచే వెనక్కి పోతారు. చాలా పనులకు ఆ అర్హత చట్టంలో లేదు. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిది పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లోనే ఎత్తేసింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా డ్రైవర్ పోస్టుకు పది మెమో అడుగుతూనే ఉన్నారు. మీ శాఖ పెట్టే మేళాల్లోనైనా ఖాళీల ఫారంలో ‘ఈ పనికి ఈ చదువు ఎందుకు కావాలి’ అని ఒక గడి పెట్టించండి. కారణం రాయలేని కంపెనీ ఆ షరతు తీసేయాలి.

ఐటీఐ అంటే పది పాసైనవాళ్లకేనని ఊళ్లలో అందరి నమ్మకం. వెల్డర్, వైర్‌మన్, కార్పెంటర్, కుట్టుపని ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు. వెల్డర్‌కి ఏడాది, వైర్‌మన్‌కి రెండేళ్లు. ఈ సంగతి పది సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజే హైస్కూల్ నోటీసు బోర్డుకు ఎక్కాలి.

అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. పది దాకా రాని పిల్లల చేతిలో పుట్టిన తేదీ రుజువుగా ఆధార్ ఒక్కటే ఉంటుంది. అందులో చాలామందికి జనవరి 1 అని పడి ఉంటుంది. బడి టీసీలో ఇంకో తేదీ, ఆధార్‌లో లేని ఇంటిపేరు. ఆధార్‌ను పుట్టిన తేదీ రుజువుగా ఒప్పుకోవడం పీఎఫ్ సంస్థ 2024 జనవరిలో మానేసింది. కాబట్టి ముందు టీసీ లాంటి రుజువు తెచ్చుకోవాలి, ఆధార్ కేంద్రం ఒప్పుకునే కాగితంతో ఆధార్ దిద్దించాలి, ఆ తర్వాతే పీఎఫ్ నంబరు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి ఒక్కసారే అవకాశం, తొందరపడి తప్పు కాగితంతో మార్పిస్తే అంతే సంగతులు. తప్పు తేదీతోనే పీఎఫ్ నంబరు పుడితే దిద్దడానికి 2025 జనవరి దాకా యజమాని ఆమోదం కావాల్సి వచ్చేది. పాత కాంట్రాక్టర్ అప్పటికి ఫోన్ ఎత్తేవాడు కాదు. బడి మూతపడినా, వేరే బడిలో కలిసినా అడ్మిషన్ రిజిస్టర్ ఎవరి దగ్గరుందో మండల విద్యాధికారి వారంలో చెప్పేలా విద్యాశాఖతో మాట్లాడండి.

పది పూర్తి చేయాలనుకునేవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే చేరొచ్చు. ఐదు సబ్జెక్టులు, ఐదేళ్ల గడువు. ‘గ్యారంటీ పాస్’ అంటూ వేలు గుంజే దళారుల మీద కేసులు పెట్టించండి. అవి పడకుండా ఈ దారి బాగుపడదు.

గల్ఫ్ సంగతి కూడా మీకు తెలిసిందే. పది పాస్ కాకపోతే పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే గల్ఫ్‌కు పనికి పోవడానికి ముందు ప్రభుత్వ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్సు) తప్పదు. దాన్ని తప్పించడానికే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. అక్కడ జీతం ఎగ్గొడితే చేతిలో ఒప్పందం ఉండదు, విదేశాల్లో పనికి పోయేవాళ్లకు ఉండే ప్రవాసీ బీమా ఉండదు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి 35,400. ఈ అంకె జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ బస్టాండ్లలో పెద్దక్షరాలతో రాయించండి.

చివరిగా, పని వచ్చి కాగితం లేనివాళ్ల మాట. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో వెల్డర్‌కి ప్లేటు ఇచ్చి చూస్తారు. 10 మిల్లీమీటర్ల ముక్కలు రెండింటి అంచులు వి ఆకారంలో గ్రైండ్ చేయించి, సన్నని గ్యాప్‌తో టాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకు) కొట్టిస్తారు. రూట్ రన్ (అడుగున వేసే మొదటి వెల్డు వరస) మీది స్లాగ్ (వెల్డు మీద గట్టిపడే పెంకు) పూర్తిగా కొట్టకుండా, బ్రష్ చేయకుండా పై రన్ వేసినవాడు వంచే పరీక్షలో దొరికిపోతాడు, స్లాగ్ చిక్కిన చోటే పగులు వస్తుంది. అనుభవానికి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పరీక్ష ఇలా జరగాలి. నాలుగు ప్రశ్నలు అడిగి ఇచ్చే కాగితాన్ని షెడ్డు యజమాని చూడను కూడా చూడడు. ఆదివారాలు ఐటీఐ వర్క్‌షాపులు ఖాళీగానే ఉంటాయి. ప్లేటు, రాడ్లు శాఖే ఇచ్చి, ప్లేటును ఏ పొజిషన్‌లో (పడుకోబెట్టా, నిలబెట్టా, తలపైనా) వెల్డు చేసి పాసయ్యాడో సర్టిఫికెట్ మీద రాయించండి. అడ్డా కూలీకి ఆ రోజు పోయిన కూలి కూడా కట్టివ్వండి, లేకపోతే ఎవరూ రారు.

ఇట్లు,
వృత్తి శిక్షణ, ఉపాధి సలహాల రంగంలో పనిచేస్తున్నవాళ్లం