మొరవ కాడ దోమతెరలు కట్టొద్దని ఎవరన్నా చెప్పండయ్యా

సంపాదకులు గారికి నమస్కారం అండీ. మాది చంద్రగిరి పక్క పల్లె, మా నాయన జతలో స్వర్ణముఖిలో గాలం వేస్తా పెరిగినోణ్ణి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా గానీ ఆదివారమైతే కాలు ఏటి వైపే పోతుంది.

మా ఏరు ఏడాదంతా పారేది కాదు, ఎండాకాలంలో చూస్తే ఇసకే. అక్టోబర్, నవంబర్లో వాయుగుండం పడితేనే తొండవాడ దగ్గర నీళ్లు కనపడేది, 2021 నవంబర్ వరద ఇంకా అందరి కళ్లల్లోనే ఉంది కదా. నీళ్లు ఎర్రగా ఉన్నన్నాళ్లు గాలానికి జెల్లలే, వానపాము గుచ్చి అడుక్కి వదిలితే పట్టేస్తాయి, తీసేటప్పుడు ముల్లు పొడిచిందంటే సాయంత్రం దాకా చెయ్యి మంటే. సంక్రాంతికి నీళ్లు తేటపడితే పరిగెలకి గోధుమపిండి ఉండ చాలు. కొరమేను అట్ల కాదు, దానికి కప్పపిల్ల కావాల, అది గాలి పీల్చుకోడానికి పైకొచ్చి బుడగ వదిలిన చోటు చూసి పెట్టుకుని నీళ్ల మీదే ఎర ఆడిస్తా కూర్చోవాల, ఒక్కోసారి పూటంతా పోతుంది, అయినా నాకు అదే ఇష్టం. శివరాత్రి దాటితే ఏరు మడుగులుగా తెగిపోతుంది, ఇంక ఆ గుంతల్లో చిక్కినవి వల వేసినోడివే.

నా బాధ ఏందంటే వరద రోజుల గురించి. చెరువు నిండి మొరవ (అదే అలుగు, నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) పోయేటప్పుడు చేపలు గుడ్లతో నీళ్లకి ఎదురెక్కుతాయి, సరిగ్గా అప్పుడే మొరవకి అడ్డంగా దోమతెర కడుతున్నారు, పోయినేడు ఒక ఊళ్లో నా కళ్లతో చూశాను, బకెట్ల నిండా వేలెడంత పిల్లలు, గుడ్లతో ఉబ్బిన పరిగెలు, సగం కూరక్కూడా పనికిరావని గట్టు మీదే పారేశారు. కొరమేను పిల్లలు ఎర్రగా గుంపుగా పైన తిరుగుతా ఉంటే కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఆ గుంపు చూసి పెద్దదాన్ని కొట్టేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి, ఒక్క చేప కోసం వందల చేపలు పోయినట్టే కదా.

సముద్రంలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకి పోకూడదు, అది అందరికీ తెలుసు. మా ఏరుకీ చెరువులకీ అట్లాంటి మాటే వినపడదు. నీళ్లలో తోటాలు పేల్చినా మందు కలిపినా నేరమని 1897 మత్స్య చట్టంలోనే ఉంది, అయినా మడుగుల్లో బ్లీచింగ్ పౌడర్ వేసేవాళ్లని చూస్తానే ఉన్నాం, ఆ నీళ్లే గొడ్లు తాగేది.

చేపల మీద బతికేవాళ్ల పొట్ట కొట్టమని నేను చెప్పడం లేదు, చెరువుని వేలం పాటలో పాడుకుని చేపపిల్లల్ని వదిలినోళ్లకి కూడా ఈ దోమతెరల వల్ల నష్టమే. మొరవ పోయే మొదటి రెండు మూడు వారాలు అక్కడ వల కట్టొద్దని పంచాయతీ వాళ్లు దండోరా వేయించాల, మత్స్యశాఖ వాళ్లు మొరవ కాడ ఒక బోర్డు పెట్టాల. మీరు కూడా ఈసారి వాయుగుండం వార్త వేసేటప్పుడు పక్కనే ఈ సంగతి చిన్న బాక్స్ కట్టి వేయండి, ఆ పొద్దు పేపర్ మా ఊళ్లో టీ అంగడి కాడ అందరూ చదువుతారు.

ఇట్లు,
చంద్రగిరి మండలం పాఠకుడు, తిరుపతి