2024–25 వార్షిక నివేదిక: ఏ పుస్తకం ఏ అరలో?

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన కాలనీ గ్రంథాలయ సంఘం ఈ ఏడాది చేసిన పనుల నివేదిక ఇది. వేసవిలో పిల్లలకు కథల తరగతులు నడిపాం. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు ఎప్పటిలాగే జరిగాయి. వానలకు కారిన పైకప్పు బాగుచేయించాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. మిగతా నివేదికంతా ఒక్క పని గురించే. ఏడాదిలో ఎక్కువ సమయమూ, ఎక్కువ వాదనలూ దానికే పోయాయి మరి.

పుస్తకాల మీది నంబర్ల స్టిక్కర్లు ఊడిపోతున్నాయి, కొత్తవి అంటిద్దాం అని మొదలైన పని అది. పుస్తకాలన్నీ దించాక, అసలీ నంబర్లు ఇలా ఎందుకున్నాయన్న ప్రశ్న వచ్చింది. మనం వాడేది డ్యూయీ దశాంశ వర్గీకరణ, అంటే ఒక్కో విషయానికి ఒక్కో నంబరిచ్చి ఆ వరసలో పుస్తకాలను సర్దడం. మెల్విల్ డ్యూయీ అమెరికాలోని ఆమ్‌హర్‌స్ట్ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తూ రూపొందించి, 1876లో అచ్చువేసిన పద్ధతి. అందులో మతానికి 200 నుంచి 299 దాకా ఇచ్చారు. 220 బైబిలుకు, 230 మొదలు 280ల దాకా క్రైస్తవానికి. పది భాగాల్లో ఏడు అక్కడే అయిపోయాయి. లోకంలోని మిగతా మతాలన్నీ 290లో సర్దుకోవాలి. ఆ సర్దుబాటు చూడండి: గుళ్లన్నీ శిథిలాలైపోయిన గ్రీకు, రోమను దేవతలకు 292, పాత జర్మానిక్ దేవతలకు 293. హిందూ, బౌద్ధ, జైన, సిక్కు మతాలు నాలుగింటికీ కలిపి 294. ఇస్లాముకు 297. 298 ఖాళీ.

ఫలితం పుస్తకం వెన్ను మీదే కనిపిస్తుంది. రామాయణం 294.5922, మహాభారతం 294.5923, భగవద్గీత 294.5924. సాహిత్యంలోనూ ఇదే వరస. ఇంగ్లీషు కవిత్వం మూడంకెల్లో, 821తో తేలిపోతుంది. తెలుగు కవిత్వానికి 894.8271 రాయాలి. మన కవుల సంపుటాలు చాలావరకు అట్టతో కలిపి వేలెడు మందం కూడా ఉండవు. అంత సన్నటి వెన్ను మీద ఆ నంబరు పట్టక స్టిక్కరు ముందు అట్ట మీదికి మడిచి అంటించాల్సి వచ్చేది. అదే త్వరగా ఊడేది కూడా.

దీనంతటికీ డ్యూయీ దురుద్దేశమే కారణమని తేల్చేయడం తేలిక. ఆయన మహానుభావుడేమీ కాదు. ఆయన నడిపిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులోకి యూదులను రానిచ్చేవారు కాదు. అమెరికన్ గ్రంథాలయ సంఘం 2019లో తన పతకం నుంచి ఆయన పేరు తీసేసింది. అయినా ఈ పట్టిక విషయంలో అసలు చిక్కు వేరు. 1876 నాటి క్రైస్తవ కళాశాల బీరువాల్లో ఏ పుస్తకాలుంటాయో ఆ లెక్కన చోట్లు పంచారు. ఆ పట్టికే దేశదేశాలకూ పాకింది. తర్వాతి కూర్పుల్లో కొంత సవరించారు. 2003లో వచ్చిన 22వ కూర్పు నాటికి 201–209 నంబర్లు మతాలన్నిటికీ ఉమ్మడి అయ్యాయి. కానీ 220–280 కదల్లేదు. కదిలిస్తే వేలాది గ్రంథాలయాలు స్టిక్కర్లన్నీ మార్చుకోవాలి. ఆ కష్టమేమిటో ఈ ఏడాది మనకూ తెలిసింది.

మార్చినవాళ్లు లేకపోలేదు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో నల్లజాతివారి పుస్తకాల విభాగాన్ని డొరతీ పోర్టర్ 1930 నుంచి చూసుకున్నారు. నల్లజాతివారి పుస్తకమైతే చాలు, కవిత్వమైనా సరే, అప్పటి గ్రంథాలయాలు 325 కింద వలసల్లోనో, 326 కింద బానిసత్వంలోనో పడేసేవి. ఆమె వాటిని తీసి దేని విషయం కింద దాన్ని పెట్టారు. డ్యూయీ నుంచే పుట్టిన సార్వత్రిక దశాంశ వర్గీకరణ 2000లో మతాల భాగాన్ని మొత్తం తిరగరాసింది. అందులో భారత ఉపఖండ మతాలకు 23, బౌద్ధానికి 24, క్రైస్తవానికి 27, ఇస్లాముకు 28.

మరి మన రంగనాథన్ గారి పద్ధతి వాడొచ్చు కదా అని కొందరు సభ్యులు అడిగారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఉంటూ ఆయన 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణ గొప్పదే. అయితే అందులో మతాల వరస వైదికంతో మొదలవుతుంది. ఎవరు కూర్చున్న చోటు నుంచి వారికి లోకం అలా కనిపిస్తుంది. పైగా నంబర్ల మధ్య వచ్చే ఆ కోలన్లూ కామాలూ మన సాయంకాలపు స్వచ్ఛంద సేవకులకు నేర్పడం నా వల్ల కాదు.

చివరికి డ్యూయీలోనే ఉన్న వెసులుబాటు వాడుకున్నాం. స్థానిక సాహిత్యాన్నో, మతాన్నో ముందుకు తెచ్చుకోవాలంటే అంకెల మధ్య ఒక అక్షరం చేర్చుకోవచ్చని పట్టికే చెబుతుంది. తెలుగు సాహిత్యం ఇప్పుడు ‘8తె’. కవిత్వం 8తె1, నాటకం 8తె2, కథలూ నవలలూ 8తె3. ఎంత సన్నటి వెన్ను మీదైనా పడుతుంది. మతాల దగ్గర మాత్రం ఏ ఒక్కదాన్నీ ముందు పెట్టలేదు. 220 స్థానంలోకి హిందూ మతాన్ని ఎక్కిద్దామన్న ప్రతిపాదన వచ్చింది, కార్యవర్గం ఒప్పుకోలేదు. అది పీట మీద మనిషిని మార్చి పీటను అలాగే ఉంచడం. అన్నిటికీ అక్షరమిచ్చి అకారాదిగా సర్దాం: ఇస్లాం, క్రైస్తవం, జైనం, బౌద్ధం, సిక్కు, హిందూ. హిందూ మతం చివరికొచ్చిందని కొందరు ముఖం చిట్లించారు. వర్ణమాల మన చేతిలో లేదు.

పోతన భాగవతం మీద రెండు సమావేశాలు గడిచాయి. పురాణమా, కావ్యమా? పుస్తకాన్ని 8తె1లో పెట్టి, పురాణాల అరలో ‘అక్కడ చూడండి’ అన్న అట్టముక్క ఉంచాం. రెండు పక్షాలవారూ సంతోషించలేదు, రెండు పక్షాలవారూ ఊరుకున్నారు.

తేలనిది ఒకటే. సమ్మక్క సారలమ్మ, పోచమ్మ, ఎల్లమ్మల పుస్తకాలు ఇన్నాళ్లూ 398లో, జానపద కథల పక్కన ఉన్నాయి. మేడారం జాతరకు మొక్కు చెల్లించడానికి పోయే మనిషికి అది కథ కాదు. మనం అమెరికావాళ్ల పట్టికను తప్పుపడుతూనే ఇంట్లో ఈ పని చేస్తున్నామని ఒక సభ్యురాలు సూటిగా అన్నారు. హిందూ అరలో కలిపేద్దామని కొందరన్నారు. కోయల దేవతలను ఆ కోయలను అడక్కుండా అలా కలిపేయకూడదని, వేరే అక్షరం ఇవ్వాలని ఆవిడ పట్టు. నా ఓటు ఆవిడకే. సర్వసభ్య సమావేశంలో ఇది మూడో అంశం. అప్పటిదాకా ఆ పుస్తకాలు స్టిక్కరు లేకుండా కౌంటరు మీదే ఉంటాయి. కావలసినవారు రిజిస్టరులో రాసి తీసుకెళ్లవచ్చు.

— కార్యదర్శి