లెక్క చెబితే భక్తి పోతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను ఏటా మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు తాకుతాయి. నేనూ చీకటితోనే వెళ్లి వరసలో నిలబడతాను. ఈసారి పక్కనున్న పిల్ల "ఏడాదికి రెండుసార్లే ఎందుకు నాన్నా?" అంది. "దేవుడి దగ్గర అలా అడక్కూడదు, కళ్లు పోతాయి" అన్నాడాయన. నా మనసు చివుక్కుమంది.

అడగనివ్వాలి. అక్టోబరు 2 నుంచి, సూర్యుడు దక్షిణపు కొస చేరే డిసెంబరు 21కి 80 రోజులు, అక్కణ్నుంచి మార్చి 10కి 79. ఆ కొసదాకా వెళ్లిన సూర్యుడు తిరిగొస్తూ మళ్లీ అదే చోట ఉదయిస్తాడు. ఇది తెలిశాక నా దణ్ణం తగ్గలేదు. వాకిలి నుంచి గర్భగుడిదాకా ఆ వెలుగుకి దారి ఉంచిన పనివాళ్లకి కూడా పెడుతున్నాను.

పాముకాటు దగ్గర మాత్రం అడక్కపోతే ప్రాణమే పోతుంది. మా వీధి కుర్రాణ్ని పొలం గట్టు మీద పాము కరిస్తే రెండు గంటలు మంత్రగాడి ముందు కూర్చోబెట్టారు. కాలు మోకాలిదాకా వాచి, తాడు బిగించినచోట నల్లబడింది. ఆస్పత్రిలో విరుగుడు ఇంజెక్షన్ పడ్డాకే తేరుకున్నాడు. మంత్రంతో బతికినవాళ్లు లేరా అంటారు. విషం లేని పాములు బోలెడు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. బతికినవాళ్ల కథ ఊరంతా తిరుగుతుంది, పోయినవాడిది తలరాత అనేస్తారు.

మొక్కుకోవద్దనను, ముందు 108కి ఫోన్ చేయమంటాను. ఆ ఇంజెక్షన్ ఏ ఆస్పత్రిలో ఉందో వానలకు ముందే పంచాయతీ మైకుల్లో చెప్పించాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, శ్రీకాకుళం