తాతయ్య జరిపిన గట్టు గురించి అమ్మకు

ఆక్లాండ్

అమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. తాతయ్య సంవత్సరీకానికి శ్రీకూర్మం వెళ్లి, శ్వేతపుష్కరిణిలో స్నానం చేసి, పిండప్రదానం చేయించాలని ఉందన్నావు. తప్పకుండా వెళ్లిరా. ఆయన గట్టు జరిపి పక్కవారి మడిలో కొంత కలుపుకున్న సంగతి నిన్ను ఎంతగా తొలుస్తోందో నాకు తెలుసు. దేవుడు లేడనేవాడు తప్పును ఎక్కడ దించుకుంటాడని అడిగావు.

క్షమించే దైవం లేడనుకున్నవాడికి మిగిలేది నష్టపోయిన మనిషి ఒక్కడే. అతనికి చెప్పవలసిన మాట, తీర్చవలసిన బాకీ ఇంకెవరి దగ్గరా తీరవు. నాస్తికుడి బతుకులో అన్నిటికన్నా బరువైనది ఇదేనని నా అభిప్రాయం. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారి కుమారుడు లవణం గారు, కోడలు హేమలత గారు (ఆవిడ జాషువా గారి అమ్మాయి) స్టూవర్టుపురం వెళ్లి, ఒకప్పటి బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతి అని ముద్ర వేసిన కుటుంబాల మధ్య, దొంగతనం మానదలచినవారికి వేరే బతుకుతెరువు దొరికేలా పాటుపడ్డారు. గతానికి కుమిలిపోవడం కన్నా రేపటి నడతను మార్చడమే వారికి ముఖ్యమైంది.

నేనున్న ఈ న్యూజిలాండ్‌లో 1989 నాటి చట్టం ప్రకారం, నేరం చేసిన పిల్లవాడినీ వాడి కుటుంబాన్నీ నష్టపోయినవారితో ఒకచోట కూర్చోబెట్టి, ఏం చేస్తే ఆ నష్టం పూడుతుందో మాట్లాడి తేలుస్తారు. నష్టపోయినవారు క్షమించవచ్చు, క్షమించకపోవచ్చు. అది వారి ఇష్టం.

మన విషయంలో తాతయ్యా, ఆ పక్క మడి ఆయనా ఇద్దరూ పోయారు. తాతయ్య క్షమాపణ అడగలేదు, ఆ పక్క మడి ఆయన వినలేదు. ఆ అవకాశం ఇక రాదు. తాతయ్య ఆత్మకు ఎక్కడో శాంతి కలుగుతుందని నేను నమ్మలేను కనుక, ఈ ఒక్క చోట నా దగ్గర ఓదార్పు లేదు. ఆయన చేసిన పనికి నువ్వు దోషివి కావు, నేనూ కాను. నువ్వు నిద్ర మానుకుని నిన్ను నువ్వు శిక్షించుకున్నా వాళ్లింటికి ఒక్క గింజ చేరదు. కానీ ఆ నేల ఇప్పటికీ మన మడిలోనే ఉంది, ఏటా దాని మీద పంట మనమే కోసుకుంటున్నాం. చేసినవాడు పోయినా అన్యాయం ఆగలేదు, ఇప్పుడు దాన్ని సాగిస్తున్నది మనం.

నాన్నగారితో మాట్లాడి మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టించు. వాళ్ల పెద్దబ్బాయి చెన్నై నుంచి సంక్రాంతికి వస్తాడు కదా, కొలతలో తేలినంతా అప్పుడు అప్పగిద్దాం. దానం ఇస్తున్నట్టు కాకుండా, తాతయ్య గట్టు జరిపారన్న మాట నలుగురి ముందు నోరు విప్పి చెప్పి ఇవ్వాలి. ఇన్నేళ్ల పంటకు వాళ్లు లెక్క అడిగితే అది న్యాయమే, ఆ సొమ్ము నేను పంపిస్తాను. వాళ్లు కోపంగా నాలుగు మాటలు అంటే ఎదురు చెప్పవద్దని తమ్ముడికి ముందే చెప్పి ఉంచు. కొలత ఖర్చులు ఈ నెల డబ్బుతో కలిపి పంపుతున్నాను.

నీ కొడుకు